ఆకుపచ్చ దారం టానిక్కు

పెనుకొండ డాక్టరమ్మ పోయిందన్న కబురు మా ఇంటికి పాలతో పాటు వచ్చింది. పాలు పోసే మనిషి చెంబులోకి పాలు వంచుతూ, ఎవరిదో ఆవు ఈనిందని చెప్పినంత తేలిగ్గా చెప్పి వెళ్ళిపోయాడు. నేను బడికి పాఠాలు చెప్పడానికి పోయే తొందరలో జడ వేసుకుంటున్నాను. లోపల మా అత్త మగ్గం మీద ఉంది. టక్కున మగ్గం చప్పుడు ఆగింది. చీర మధ్యలో మగ్గం ఆపే మనిషి కాదు మా అత్త. ఇంటికి చుట్టాలొచ్చినా నేస్తూనే పలకరిస్తుంది.

"పెనుకొండకు నువ్వు పోతావా?" అని అడిగింది.

"పోవాల గదత్తా."

"ఉండు. నేనూ వస్తా."

నీకేం పని అని అడగబోయి ఊరుకున్నాను. నాకు తెలిసి మా అత్త ఆ డాక్టరమ్మ ముందు కూర్చున్నది ఒకే ఒకసారి. ఆ రోజు నా ప్రాణం నా చేతిలో లేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను, ముందు డాక్టరమ్మ గురించి చెప్పనీయండి.

ధర్మవరంలో ఆడ డాక్టర్లు లేక కాదు మేము పెనుకొండకు పోయింది. కాన్పు కావాలంటే మా ఊళ్ళోనే చేయించుకునేవాళ్ళం. కాన్పు వద్దనుకుంటేనే రైలెక్కేవాళ్ళం. ఊళ్ళో అయితే మనం ఆస్పత్రి మెట్లు దిగేలోపు సంగతి మేనత్తల దాకా పోతుంది. హిందూపురం ఆడవాళ్ళకూ సరిగ్గా ఇదే తెలివి పుట్టింది. వాళ్ళు అటునుంచి, మేము ఇటునుంచి ప్యాసింజరెక్కి, ఎవరికీ తెలియకుండా పెనుకొండలో దిగేవాళ్ళం. దిగగానే ప్లాట్‌ఫారం మీద మొట్టమొదట కనిపించేది మన వీధిలో ఎదురింటావిడ. ఆమె మనల్ని చూడదు, మనమూ ఆమెను చూడం. ఇద్దరమూ కొండ మీది కోట కేసి చూసుకుంటూ నడుస్తాం. డాక్టరమ్మ గేటు దాటాక ఎవరూ ఎవరినీ గుర్తుపట్టకూడదు. చిన్నప్పుడు నా చెవి మెలిపెట్టి ఎక్కాలు నేర్పిన టీచరమ్మ పక్కనే బెంచీ మీద కూర్చొని, ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాను. ఆమె నాకంటే బాగా నటించింది.

డాక్టరమ్మ పొట్టి మనిషి. ముతక నూలు చీర, నుదుటి మీదికి ఎత్తిపెట్టుకున్న కళ్ళజోడు. ఆ కళ్ళజోడు కోసమే బల్లంతా వెతుక్కునేది. ఆమె పుట్టిన ఊరు హిందూపురం అవతల కాబట్టి మాట మధ్యలో కన్నడం జారేది. "సుమ్నే కూర్చో" అందంటే నోరు మూసుకొని కూర్చోమని. ఆ ముక్క వినని ఆడమనిషి ఆ గదిలోంచి బయటికి వచ్చి ఉండదు.

బల్ల మీద ఒక పక్క బీపీ మిషను, ఇంకో పక్క వేయించిన శెనక్కాయల కుప్ప. పొట్టుకు ఒక స్టీలు ట్రే. కొత్తగా కాపర్-టి వేయించుకున్న పిల్ల చెకింగుకు వచ్చి సిగ్గుతో నేల చూస్తూ ఉంటే, ఏమీ అడగకుండా ముందు గుప్పెడు కాయలు చేతిలో పోసేది. "తిను. నమిలేటప్పుడు మనిషికి సిగ్గుండదు" అనేది. నిజమే. శెనక్కాయ ఒలుచుకుంటూ నేను ఆమెతో చెప్పిన మాటలు మా అమ్మతో కూడా ఎన్నడూ చెప్పలేదు. నెల సరిగ్గా వస్తాందా, ఎక్కువ పోతాందా, నడుం లాగుతాందా, కాపర్-టి దారం చేతికి తగులుతాందా, మొగుడు ఏమంటాడు, ఇవన్నీ ఆమె ధరవరలు అడిగినట్టు అడిగేది. మనమూ అట్లాగే చెప్పేవాళ్ళం.

ఆ శెనక్కాయల్లో ఇంకో కిటుకు కూడా ఉండేది. ఆమె అబద్ధం చెప్పేది కాదు. అదొక పట్టుదల. "చెప్పకూడని నిజం ఎవరన్నా అడిగితే గింజ నోట్లో వేసుకుంటా. నోట్లో తిండి పెట్టుకొని మాట్లాడొద్దని మా అవ్వ నేర్పించింది" అనేది. ఎవరి మొగుడో, ఎవరి అత్తో గుచ్చిగుచ్చి అడిగినప్పుడల్లా ఆమె దవడలు ఆడేవి. అడిగినవాళ్ళు విసుగొచ్చి లేచి పోయేదాకా ఆడేవి.

ఇక సీసాల సంగతి. ఆ రోజుల్లో టానిక్కుకు ఎవరి సీసా వాళ్ళే తీసుకుపోవాలి. ముందు గదిలో కాంపౌండరు ఉండేవాడు. "ఏం జబ్బు?" అని అతను అడిగితే బస్టాండు దాకా వినపడేది. అంతమంది ముందు ఏం చెప్తాం? అందుకని డాక్టరమ్మ ఒక ఏర్పాటు చేసింది. చెకింగుకు వచ్చేవాళ్ళ సీసా మెడకు ఆయా ఖాసింబీ ఒక ఆకుపచ్చ పట్టుదారం కట్టేది. మా ధర్మవరం ఆడవాళ్ళే చీర చివర మిగిలిన దారం తెచ్చి ఇచ్చేవారు. ఆ సీసా చూస్తే కాంపౌండరు ఏమీ అడగడు, వేలితో లోపలికి చూపిస్తాడు. తిరిగి వచ్చేటప్పుడు ఎర్రటి టానిక్కు నింపి ఇస్తాడు. ఇంట్లో యాడికి పోయినావని అడిగితే సీసా చూపిస్తాం. నీరసం, టానిక్కు తెచ్చుకున్నా. ఆ నీరసానికి ఎవరూ పేరు పెట్టలేరు.

మా ఇంట్లో నా సీసా గూట్లో ఉండేది. పట్టు నేసే ఇంట్లో సీసా మెడకు దారం ఉంటే ఎవరు పట్టించుకుంటారు? తలుపు గొళ్ళానికి దారం, దువ్వెనకు దారం, మగ్గం పక్కనుండే నూనె సీసా మెడకు కూడా జిడ్డు పట్టి నల్లబడిన దారం. గడ్డివాములో గడ్డిపోచను దాచినట్టు నిశ్చింతగా ఉండేదాన్ని.

అయితే జనం గమనించకుండా ఉంటారా? కనగానపల్లి పక్క నుంచి ఒక ముసలాయన వచ్చి, ఖాసింబీని బతిమాలి సీసాకు దారం కట్టించుకున్నాడు. పెద్దాయన మాట కాదనలేక ఆమె కట్టింది. కాంపౌండరు మామూలుగా వేలు చూపించాడు. ముసలాయన నేరుగా లోపలికి వచ్చి, నా పక్క స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏం తాతా, నీకు కూడా చెకింగా?" అంది డాక్టరమ్మ.

"మా పక్కింటి కోడలు ఈ దారం టానిక్కు తాగి ఎంత నున్నగా అయింది తల్లీ. ఒట్టి సీసాలో పోసేది నాసిరకమంట. నాకు కూడా ఇదే ఇయ్యి."

డాక్టరమ్మ ఆయనకు బీపీ చూసింది, నాలుక చూసింది, గుప్పెడు శెనక్కాయలు పోసింది. ఆ దారం టానిక్కే ఇప్పించి పంపింది. ఆయన బతికినన్నాళ్ళూ అదే తాగాడట. నీరసం పోయిందని ఊరంతా చెప్పాడట.

మొగుళ్ళతో ఆమె పడిన పాట్లు వేరు. వాళ్ళు భార్యల్ని గేటు దాకా తెచ్చి, ఎదురుగా టీ అంగట్లో దాక్కునేవారు. మా ఆయనా అంతే. రెండో చెకింగు నాడు డాక్టరమ్మ వరండాలోకి వచ్చి రోడ్డంతా వినేలా కేకేసింది. "ఓ నీలం చొక్కా. నిన్నేనప్పా. సంసారం ఇద్దరిదీ, చెకింగుకు మాత్రం ఈ పిల్ల ఒక్కతేనా? ఆ గ్లాసు కూడా ఎత్తుకొని రా."

మా ఆయన టీ గ్లాసుతోనే వచ్చాడు. మొహం కందగడ్డ అయింది. డాక్టరమ్మ సొరుగులోంచి కొత్త కాపర్-టి ఒకటి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. అంతే, సిగ్గు యాడికి పోయిందో పోయింది, ఆయనలోని నేతగాడు బయటికి వచ్చాడు. దారాన్ని వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"నైలాను పోగు. తెగదులే" అన్నాడు. తర్వాత దాని కాడకు చుట్టిన రాగితీగను వెలుతురుకు పెట్టి చూశాడు. "బాగ చుట్టినారమ్మా. మా జరీ కంటే నేర్పుగా ఉండాది. యాడ చేస్తారు దీన్ని?"

"ఇంకేమన్నా అనుమానం ఉండాదా?"

"కొసలు ముడేయలేదే. జారిపోదా? గుంటలో దిగి మగ్గం తొక్కుతాంది గదా ఈమె, కదిలిపోదా?"

"నువ్వు తొక్కుతాండావు గదా, నీ పేగులు కదిలిపోయినాయా?"

ఆయన నిజంగానే ఆలోచించి, లేదన్నాడు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకొని మరీ నవ్వింది. ఆ తర్వాత ధర్మవరం మొగుడు ఎవడొచ్చినా ఆమె చెప్పే మాట ఒకటే. "ఇది కూడా జరీ పనేనప్పా. మీ ఊరి నేతగాడే చూసి బాగుందన్నాడు."

ఇప్పుడు నా సంగతి. పాప పుట్టిన మరుసటేడు నాకు టీచరు ట్రైనింగులో సీటొచ్చింది. నెల తప్పితే ఆ సీటు పోయినట్టే. కడుపుతో ఉన్న కోడల్ని రోజూ బస్సెక్కించే ఇల్లు కాదు మాది. మా ఆయన నా పక్షమే. కానీ ఆయన ధైర్యం వంటింటి గడప దాటి బయటికి రాదు. గడప దాటితే ఆయన వాళ్ళమ్మ కొడుకు. అందుకే ఈ టానిక్కు నాటకం.

మా అత్తకు మా ఆయన, మా ఆడబిడ్డ, ఇద్దరే పిల్లలు. ఎవరు అడిగినా ఒకే పాట. "నాకు దేవుడు ఇద్దరితోనే చాలించినాడు." అని కొంగుతో కళ్ళొత్తుకునేది. మామ కూడా పక్కనే తలూపేవాడు, పాపం. మామగారి అక్క పరిగి నుంచి వచ్చినప్పుడల్లా నా కడుపు కేసి చూసి, "ఏం, ఇంకా ఏం లేదా?" అనేది. రానురాను ఆ అడగడం ఎక్కువైంది. ఒకరోజు ఆమె ముందరే మా అత్త అంది, "పెనుకొండలో మంచి డాక్టరమ్మ ఉండాదంట. పిల్చుకపోయి చూపిస్తా."

ఇన్ని ఊళ్ళుండగా, ఇంతమంది డాక్టర్లుండగా, నా ఖర్మ కాకపోతే ఆ పెనుకొండేనా? రాత్రంతా నిద్ర లేదు. సీసా గూట్లోనే వదిలి, ఉరికంబం ఎక్కేదానిలా అత్త వెనక రైలెక్కాను. గేటు దగ్గర ఖాసింబీ మా ఇద్దర్నీ చూసి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. కాంపౌండరు "ఏం జబ్బు?" అని అరిచాడు. "జబ్బేం లేదు నాయనా, అదే జబ్బు" అంది అత్త.

డాక్టరమ్మ మమ్మల్ని కొత్తవాళ్ళలాగే చూసింది. ఇద్దరి చేతుల్లోనూ శెనక్కాయలు పోసింది.

"మా కోడలికి పాప తర్వాత ఇంకోటి నిలవలేదమ్మా. ఏం లోపమో చూడు" అంది అత్త.

"లోపమేం లేదు."

"చూడకుండానే చెప్తాండావే?"

"చూసే చెప్తాండా."

"మరి ఎందుకు నిలవలేదు?"

డాక్టరమ్మ గింజ నోట్లో వేసుకుంది. నమిలింది. ఫ్యాను తిరుగుతోంది. అత్త కదలదు. డాక్టరమ్మ ఇంకో కాయ ఒలిచింది, ఇంకోటి ఒలిచింది. బల్ల మీద కుప్ప తరుగుతోంది. ఆ కాయలు అయిపోతే నా చదువూ అయిపోతుంది. చివరికి ఆమె చేతులు దులుపుకొని మా అత్త వైపు తిరిగింది.

"నీకెందరమ్మా?"

"ఇద్దరు."

"ఇద్దరితో ఎట్ల ఆగింది?"

"దేవుడు చాలించినాడు" అంది మెల్లగా.

"ఎందుకు చాలించినాడని నిన్నెవరన్నా డాక్టరు దగ్గరికి లాక్కొనిపోయినారా?"

మా అత్త చేతిలో ఉన్న కాయ ఒలిచి, గింజ నోట్లో వేసుకొని నమలసాగింది.

"ఈ పిల్ల సదువుకుంటాంది. సదువైపోనీ. తర్వాత సంగతి తర్వాత" అని డాక్టరమ్మ గంట కొట్టి ఇంకొకరిని పిలిచింది.

మా అత్త డాక్టరు గద్దింపుకు బెదిరిందనుకున్నాను. ఇంటికొచ్చి పరిగి ఆమెతో అంది, "లోపం లేదంట. సదువుతో ఒంట్లో వేడి పుడతాదంట. సదువైపోతే నిలుస్తాదంట." డాక్టరమ్మ అనని మాట అది. అయినా పరిగి ఆమె నమ్మింది. చదువు వేడి అన్నది మా చుట్టాల్లో అందరూ నమ్మారు. నా ట్రైనింగు అయ్యేదాకా నాకు మజ్జిగ మీద మజ్జిగ పోశారు.

ఉద్యోగం వచ్చాక, కాపర్-టి తీయించుకోవడానికి పోయినప్పుడు డాక్టరమ్మ నా మొహంలోకి చూసి అడిగింది. "ఇప్పుడు బిడ్డ ఎవరికి కావాల? మీ అత్తకా, మొగునికా?"

"నాకే" అన్నాను.

"అట్లయితే తీస్తా" అంది. నా జీవితంలో ఆ ప్రశ్న నన్ను అడిగింది ఆమె ఒక్కతే.

రెండోదీ ఆడపిల్లే. పరిగి ఆమె ఇంకో ప్రయత్నం చేయమని నోరు తెరవబోతే, మా అత్త మగ్గం మీద నుంచే అడ్డం పడింది. "మా యింట్లో దేవుడు ఇద్దరితోనే చాలిస్తాడు. అది మా యింటి ఆనవాయితీ." నాకు నవ్వాగలేదు. వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను. మళ్ళీ కాపర్-టి వేయించుకున్నాను, మళ్ళీ సీసా, మళ్ళీ చెకింగులు. పోయిన ప్రతిసారీ డాక్టరమ్మ నా సంగతి అయ్యాక, కళ్ళజోడు వెతుక్కుంటూ అడిగేది. "మీ అత్త ఎట్లుండాది? నడుంనొప్పి ఏమన్నా ఉండాదా? ఒంట్లో బాగుండాదా?" మర్యాదకు అడుగుతోందనుకునేదాన్ని.

డాక్టరమ్మ పోయిన నాడు ఆ వాకిలి నిండా ఆడవాళ్ళు. హిందూపురం బండి, ధర్మవరం బండి రెండూ వచ్చి దించేసినట్టున్నాయి. ఎక్కాల టీచరమ్మ వచ్చింది, ఎదురింటావిడ వచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది, అక్కడ కూడా ఎవరూ ఎవరినీ గుర్తుపట్టలేదు. బెంగుళూరు నుంచి వచ్చిన ఆమె తమ్ముడు తికమకపడి, "మీరంతా ఎవరమ్మా?" అని అడిగాడు. వెనక నుంచి ఎవరో అన్నారు, "టానిక్కు తీసుకునేటోళ్ళం." ఆడవాళ్ళంతా ఒక్కసారి తలలు దించుకున్నారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో నాకు తెలియలేదు. నేను రెండూ చేశాను.

ఖాసింబీ గూనితో కర్ర పట్టుకొని మా వైపు వచ్చింది. ఇన్నేళ్ళుగా వస్తున్నదాన్ని, నన్ను పట్టుకుంటుందనుకుంటే నన్ను దాటిపోయి మా అత్త చేయి పట్టుకుంది.

"ఏమ్మా, టానిక్కు మానేసినంక ఈ పక్కకే రాకపోతివి. కోడల్ని తోడుకొచ్చిన దినం యాడ పలకరిస్తానో అని నోరు గట్టిగా మూసుకుంటి."

"సుమ్నే ఉండు" అంది మా అత్త.

కన్నడం ఊసే ఎరగని మా అత్త నోట్లో డాక్టరమ్మ ముక్క.

తిరుగు రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. అత్త వేయించిన శెనక్కాయలు కొని కొంగున మూట కట్టుకుంది. నేనే అడిగాను.

"అత్తా, నువ్వు కూడానా?"

"ఏం, నాకు నీరసం ఉండకూడదా?" అంది. తర్వాత పట్టాల వైపు చూస్తూ చెప్పింది. "నీ ఆడబిడ్డను కనేటప్పుడు నేను చావు దాకా పోయి వచ్చినా. రక్తం ఆగలేదు. ఇంకోటైతే బతకవని డాక్టరమ్మ చెప్పింది. మా అత్త ఆరుగురు కావాలనేది. ఎవరికి చెప్పుకునేది? మీ కాపర్-టి మాదిరి అప్పట్లో లూపు ఉండె, అది వేయించుకొని, టానిక్కు తాగినా."

"మామకు తెలుసా?"

"మీ మామకు పోగు తెగితే తెలుస్తాది. ఇంకేం తెలుస్తాది?"

"మరి నా సీసా?"

"తెచ్చిన దినమే చూసినా. సీసా మెడకు ముడి ఉంటే నాకు కనపడదా?"

"తెలిసి తెలిసి నన్నెందుకు లాక్కొనిపోతివి మళ్ళ? నా ప్రాణం పోయిందత్తా ఆ దినం."

"పరిగి ఆమె నోరు మూయించాల గదా. కోడలికి సదువు కావాలని నేను చెప్తే వింటారా? డాక్టరు చెప్పిందంటే వింటారు. నీ ప్రాణమే పోయిందా? నా సంగతి నీ ముందర యాడ చెప్తాదో అని నా ప్రాణం కూడా పోయింది."

ఇద్దరం అక్కడే కూర్చొని నవ్వాం, చావింటి నుంచి వస్తున్నామని కూడా చూసుకోకుండా. నవ్వుతుంటే నాకు తట్టింది. ఒకే గదిలో, ఒకే బల్ల ముందు మా ఇద్దరి గుట్టూ పెట్టుకొని ఆ మహాతల్లి శెనక్కాయలు నమిలింది. ఇటుది అటు, అటుది ఇటు ఒక్క మాట పోనివ్వలేదు. మీ అత్త ఎట్లుండాది అని అన్నేళ్ళు ఆమె అడిగింది మర్యాదకు కాదు. ఆస్పత్రికి రాని మనిషికి నా చేత చెకింగు చేయించింది.

ఇంటికి రాగానే మా అత్త మగ్గం పక్కనున్న నూనె సీసా తీసుకుంది. నూనె వేరే డబ్బాలోకి వంచి, సీసాను కుంకుడు నురగతో రుద్ది కడిగింది. మెడకున్న నల్లటి దారాన్ని గోటితో గీకింది. ముడి లోపల ఇంకా ఆకుపచ్చగానే ఉంది. దాన్ని తీసుకెళ్ళి గూట్లో నా సీసా పక్కన పెట్టింది.

మా మామ మగ్గం గుంటలోంచి తల ఎత్తి, కళ్ళద్దాల మీదుగా చూశాడు.

"అది నీ టానిక్కు సీసా గదా. ఏమే, ఇంకా తగ్గలేదా నీ నీరసం?" అన్నాడు. గొంతులో నిజంగానే దిగులుంది.

మా అత్త కొంగు ముడి విప్పి, ఒక శెనక్కాయ ఒలిచి నోట్లో వేసుకుంది. ఒకటి నా చేతిలో పెట్టింది.